విదేశీ ఓడ ప్రయాణం: సింగపూరా, దుబాయా, అమెరికానా? టీకాలు, కాగితాల లెక్కన ఏది మేలు

నల్లగొండకూ పాలమూరుకూ సముద్రం లేదు, కృష్ణ ఉంది. నాగార్జునసాగర్ నుంచో సోమశిల నుంచో శ్రీశైలానికి లాంచీ ఎక్కితే టికెట్ తప్ప పెద్దగా ఏమీ అడగరు. అదే ధీమాతో సముద్రపు ఓడకు కూడా ముందు డబ్బు కట్టేసి, కాగితాల సంగతి తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్లు మన వైపు తరచుగా కనిపిస్తున్నారు. మిర్యాలగూడ నుంచి బృందంగా సింగపూర్ బయలుదేరే వ్యాపారులు ఒక రకం. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో టికెట్ కొనిపెడితే సంబరంగా సూట్‌కేసు సర్దుకునే దేవరకొండ, జడ్చర్ల తల్లిదండ్రులు రెండో రకం. ఇది ఎక్కువగా ఈ రెండో రకం వారి కోసమే.

ఏ ఓడ మేలని అడిగితే ఎవరైనా గదికి కిటికీ ఉందా, శాకాహారం దొరుకుతుందా అని పోలుస్తారు. అవి చిన్న విషయాలు. విమానం ఒక దేశంలో దించి ఊరుకుంటుంది. ఓడ వారంలో మూడు నాలుగు దేశాల రేవుల్లో ఆగుతుంది, ప్రతి రేవుకూ దాని నియమం ఉంటుంది. ఆ నియమాలన్నిటికీ సరిపడే కాగితాలు మొదటి రోజు రేవు కౌంటర్‌లోనే చూపించాలి. ఒక్కటి తక్కువైనా ఓడ ఎక్కనివ్వరు, సాధారణంగా డబ్బూ వాపసు ఇవ్వరు.

టీకా అనగానే ఇప్పటికీ చాలామందికి కోవిడే గుర్తొస్తుంది. 2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా రేవులో నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలో 3,711 మంది ఉంటే 700 మందికి పైగా వ్యాధి సోకింది. ఆ తర్వాత ఓడలు మళ్లీ తిరగడం మొదలైనప్పుడు టీకా పత్రం లేనివారికి చోటు దొరకడం కష్టమైంది. ఆ కాలం పోయింది. అమెరికా 2023 మే 12 నుంచి విదేశీ ప్రయాణికులకు ఆ నిబంధన తీసేసింది, పెద్ద ఓడ కంపెనీలూ దాదాపుగా మానుకున్నాయి. ఫోనులో పాత సర్టిఫికెట్ కోసం వెతుకుతూ కూర్చోనక్కర లేదు. ఈ రోజు మన ప్రయాణికుడికి నిజంగా అడ్డుపడే టీకా ఎల్లో ఫీవర్ (దోమల ద్వారా సోకే పచ్చజ్వరం) ఒక్కటే. అది ఎవరికి, ఎక్కడ అడ్డుపడుతుందన్న దాని మీదే నా తీర్పంతా ఆధారపడి ఉంది.

ముందు సులువైనది చూద్దాం. సింగపూర్‌లో ఎక్కే మూడు నాలుగు రాత్రుల ఓడ మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ వంటి రేవులు చూపించి మళ్లీ సింగపూర్‌లోనే దింపుతుంది. భారత్ నుంచి నేరుగా వెళ్లేవారిని ఈ మూడు దేశాలూ టీకా పత్రం అడగవు. మలేసియా 2023 డిసెంబరు నుంచి భారతీయులకు వీసా అక్కర్లేదంది. థాయిలాండ్ 2024 జులైలో 60 రోజుల మినహాయింపు ఇచ్చింది. ఇలాంటి సౌకర్యాలు గడువులతో, సవరణలతో నడిచేవి కాబట్టి టికెట్ కొనే వారంలో మరోసారి సరిచూసుకోవాలి. సింగపూర్‌కు మాత్రం వీసా ముందే తీసుకోవాలి. అందులో ఒక మెలిక ఉంది. ఓడ కదలగానే లెక్క ప్రకారం మీరు సింగపూర్ వదిలినట్టే, తిరిగి దిగడం రెండో ప్రవేశం అవుతుంది. అందుకని ఒకటికి మించి ప్రవేశాలకు చెల్లే వీసా ఉండాలి. ఆరోగ్య వివరాలతో కూడిన ఆన్‌లైన్ రాక కార్డును కూడా రెండుసార్లు నింపాలి: విమానం దిగేముందు ఒకసారి, ఓడ దిగేముందు ఒకసారి, రెండూ చేరడానికి మూడు రోజుల లోపే. ప్రభుత్వ వెబ్‌సైటులో అది పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

దుబాయ్ ఓడలు చలికాలం మాటే. అక్కడా భారత్ నుంచి వెళ్లేవారికి టీకా పత్రం అక్కర్లేదు. దోహాకో మస్కట్‌కో వెళ్లి వచ్చే ఓడైతే రెండో ప్రవేశం సంగతి అక్కడా తప్పదు. మన పెద్దవాళ్లకు అసలు చిక్కు పాస్‌పోర్టులో పేరు దగ్గర వస్తుంది. ఇంటిపేరు గడి ఖాళీగా, ఒకే పేరుతో ఉన్న పాస్‌పోర్టులు మన పల్లెల్లో కొత్తేమీ కాదు. అలాంటి ఒంటి పేరు పాస్‌పోర్టు మీద పర్యాటకులను రానివ్వబోమని దుబాయ్ ఉన్న దేశం యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది, రెండో పేజీలో తండ్రి పేరు ఉన్నవారికి తర్వాత కొంత సడలింపు ఇచ్చింది. ఆ సడలింపు మీద ఆశ పెట్టుకోవడం కంటే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం నయం. మందుల విషయంలోనూ యూఏఈ గట్టిగానే ఉంటుంది. ట్రమడాల్, కోడిన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మోకాళ్ల నొప్పులకు మందుల దుకాణంలో ఇచ్చిన మాత్రలో ఏముందో చదవకుండా సంచిలో వేసుకునే అలవాటు అక్కడ చెల్లదు.

యూరప్ ఓడకు టీకా సమస్య లేదు, అక్కడి చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసా సమస్య ఉంది. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్య బీమా కావాలి. ఓడ టర్కీ వైపు వెళ్లి వస్తే అదే రెండో ప్రవేశం గొడవ. మొదటిసారి ఓడ ఎక్కేవారికి నేను దీన్ని సూచించను.

ఇక అమెరికా. పిల్లలు చెప్పే మాట ఒకటే ఉంటుంది: "అమ్మా, మీకు పదేళ్ల వీసా ఉంది కదా, ఇంకేం కావాలి?" సగం నిజం. పిల్లలకు బాగా నచ్చేది సియాటిల్ నుంచి అలాస్కా. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవుల్లో ఎక్కించుకున్నవారిని ఎక్కడా విదేశం తాకకుండా తిప్పి దించకూడదని 1886 నాటి చట్టం ఒకటి ఉంది. అందుకే ఆ ఓడలు దారిలో కెనడాలోని విక్టోరియా వంటి రేవులో ఏదో ఒక సాయంత్రం ఆగుతాయి. ఆ కాసేపటికి కూడా భారతీయ పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి. ఓడ దిగకుండా గదిలో కూర్చుంటానన్నా ఒప్పుకోరు. అమెరికా పౌరులైన మనవళ్లకు ఇదేదీ వర్తించదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తట్టదు. మయామీ వైపు నుంచి మెక్సికోలోని కొజుమెల్‌కు వెళ్లే ఓడ ఇంతకంటే సులువు, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవారిని మెక్సికో దానితోనే రానిస్తుంది.

అదే కరీబియన్‌లో ఓడ మరీ దక్షిణానికి, అంటే పనామా కాలువ, కొలంబియాలోని కార్తహేనా, ట్రినిడాడ్ వైపు తిరిగిందంటే కథ మారుతుంది. ఇవన్నీ భారత ప్రభుత్వ జాబితాలో ఎల్లో ఫీవర్ ముప్పున్న ప్రాంతాలు. అమెరికా తన దేశంలోకి వచ్చేవారిని ఎల్లో ఫీవర్ పత్రం అడగదు. ఓడ కంపెనీ కూడా తన రేవులకు అవసరమైతేనే అడుగుతుంది. ఆ నిశ్చింతలో ఓడ దిగి, రెండు రోజులు పిల్లల దగ్గర ఉండి విమానం ఎక్కితే, శంషాబాద్‌లో అడుగుతారు. ముప్పున్న ప్రాంతం వదిలిన ఆరు రోజుల్లోపు పత్రం లేకుండా భారత్‌లో దిగినవారిని, ఆ గడువు తీరేదాకా విడిగా ఉంచే అధికారం మన ఆరోగ్య శాఖకు ఉంది. ఓడల విషయంలో టీకాను అన్నిటికంటే గట్టిగా అడిగేది మన దేశపు గడపే.

ఈ పట్టుదల ఉత్తపుణ్యానికి కాదు. ఎల్లో ఫీవర్‌ను మోసేది ఈడిస్ దోమ, వానాకాలంలో మన ఊళ్లలో డెంగీ పంచేది అదే. దోమ ఉంది, మనుషులు ఉన్నారు, వైరస్ మాత్రం ఇంతవరకు మన దేశంలో కాలు పెట్టలేదు. సోకినవాడు ఒక్కడు దిగితే చాలు. కుట్టిన మూడు నుంచి ఆరు రోజుల్లో లక్షణాలు బయటపడతాయి కాబట్టే ఆ ఆరు రోజుల లెక్క.

టీకా ఒక్క మోతాదే. వేయించుకున్న పది రోజుల తర్వాత నుంచి దాని పత్రం చెల్లుతుంది, 2016 జులై 11 నుంచి అది జీవితాంతం చెల్లేలా అంతర్జాతీయ నియమం మారింది. అయితే నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఏ ఆసుపత్రికైనా వెళ్లి వేయించుకుంటామంటే కుదరదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయాలి, వారి ముద్ర ఉన్న పసుపు పుస్తకమే చెల్లుతుంది. మనకు అందరికీ తెలిసింది హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. పుస్తకంలో పాస్‌పోర్టు నంబరు రాస్తారు కాబట్టి అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. సీసా విప్పాక కొద్ది గంటల్లోనే వాడేయాల్సిన మందు కావడంతో ఇలాంటి కేంద్రాలు రోజులు, సమయాలు పెట్టుకుంటాయి, ముందే కనుక్కుని బస్సెక్కడం మంచిది.

వయసు సంగతి కూడా చూడాలి. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. అరవై దాటాక మొదటిసారి వేయించుకునేవారిలో తీవ్రమైన దుష్ప్రభావం అరుదే అయినా, చిన్నవారిలో కంటే ఎక్కువ. గుడ్డు తీవ్రంగా పడనివారికి, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి వేయకూడదు. డాక్టరు మినహాయింపు లేఖ ఇవ్వవచ్చు, ఒప్పుకోవడం మానడం ఆయా దేశాల ఇష్టం. అందుకే అరవై ఐదేళ్ల తల్లిదండ్రులకు పనామా టికెట్ కొని తర్వాత టీకా వేయించడం తలకిందుల పని. కెన్యాలోని మొంబాసాలో ఆగే హిందూ మహాసముద్రపు ఓడలకూ ఇదే మాట. అక్కడ దిగి వచ్చినవారిని తర్వాతి రేవు కూడా పత్రం అడగవచ్చు.

ఎవరూ అడగని టీకా ఒకటుంది, నా దృష్టిలో పెద్దవాళ్లకు అదే ఎక్కువ ఉపయోగం: ఫ్లూ టీకా, బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు. ఓడల్లో పేరుమోసిన వాంతులు, విరేచనాల నోరోవైరస్‌కు టీకా లేదు, శానిటైజర్‌కు అది సరిగా లొంగదు. భోజనానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవడమే దారి.

నా తీర్పు ఇది. మొదటి ఓడకు సింగపూర్ మేలు, టీకా పత్రం అక్కర్లేదు, ముందే తీసుకోవాల్సిన వీసా ఒక్కటే. ఇప్పటికే అమెరికా వెళ్తున్న తల్లిదండ్రులకు మెక్సికో వైపు ఓడ మేలు. అలాస్కా కావాలంటే కెనడా వీసాకు దరఖాస్తు ఇక్కడ ఉండగానే పెట్టాలి. దుబాయ్ మూడోది, అదీ పాస్‌పోర్టులో పేరు సరిగ్గా ఉంటేనే. దక్షిణ కరీబియన్, ఆఫ్రికా తీరం టీకా నిశ్చింతగా వేయించుకోగల వయసు వారికి వదిలేయండి. పాస్‌పోర్టే లేనివారు విశాఖ నుంచి దేశీయ ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో కనుక్కోవచ్చు. 2022 జూన్‌లో ఎంప్రెస్ ఓడ అక్కడి నుంచి నడిచింది, అలాంటిదానికి గుర్తింపు కార్డు చాలు.