ఒంగోలులో చేయించిన ఫైబర్ విగ్రహం: పోలిక బాగుంది, బోల్టులు బాగాలేవు

ఒంగోలు దగ్గరి ఒక శిల్పశాలలో చేయించిన ఛాతీ విగ్రహం ఇది. పోలికకు పూర్తి మార్కులు వేయొచ్చు, బిగింపుకు సగమే.

పోలిక కుదరడానికి కారణం ఫోటోల దగ్గర శిల్పి పట్టిన పట్టు. ఎదురుగా, రెండు పక్కలా, ఏటవాలుగా తీసినవన్నీ కావాలన్నారు. సెల్‌ఫోన్‌తో మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. అది చూసి మట్టి దిద్దితే మనిషే మారిపోతాడు. కనీసం 2 మీటర్ల దూరం నుంచి తీసినవి ఇవ్వాలి. ఏ వయసు ముఖం కావాలో ఇంట్లోవాళ్లు ముందే తేల్చుకోవాలి. 40 ఏళ్ల జుట్టుకు 70 ఏళ్ల బుగ్గలు అతికిస్తే ఎవరూ గుర్తుపట్టరు.

అసలు పనంతా మట్టి నమూనాలోనే. అచ్చు తీశాక ముక్కు మార్చమంటే మళ్లీ మొదటికే. చూడ్డానికి బాగా ఎరిగిన ఇద్దరు వెళ్తే చాలు, పదిమంది వెళ్తే పది ముఖాలు చెబుతారు. ఇక్కడ నమూనాను నేల మీదే చూపించారు, అది లోపం. 6 అడుగుల దిమ్మె ఎక్కాక కిందినుంచి చూస్తే గడ్డం ముందుకొచ్చి నుదురు కురచవుతుంది. అంత ఎత్తులోనే పెట్టించి, పక్కనుంచి వెలుతురు పడేలా చూడాలి. తడిగుడ్డ కప్పడంలో మాత్రం వంక పెట్టలేం. మన రోహిణి ఎండలకు చెవులూ ముక్కుకొనా ముందు బీటలిస్తాయి మరి.

ఫైబర్ పని శుభ్రంగా ఉంది. అచ్చులో జెల్‌కోటు (పైకి కనిపించే నునుపు పూత), దానిమీద రెజిన్‌తో (గట్టిపడే జిగురు ద్రవం) తడిపిన గ్లాస్ మ్యాట్ (గాజు పీచు చాప) పొరలు, మందం 4-5 మిల్లీమీటర్లు. రెజిన్‌ను గట్టిపరిచే హార్డెనర్ 1-2 శాతమే. ఎక్కువైతే వేడెక్కి పగులుతుంది, తక్కువైతే జిగట పోదు. పొరలను నొక్కే రోలర్‌కు అందని గాలిబుడగ ఉన్నచోట నాణెంతో తడితే చప్పుడు తేడాగా వస్తుంది. ముక్కు పక్కలూ చెవుల వెనకా తట్టి చూడండి.

అడుగున పెట్టింది మామూలు ఇనుప బోల్టులు, పైన రంగు. సముద్రగాలి తగిలే మన ఊళ్లలో తుప్పు ఉబ్బి ఫైబర్‌ను చీలుస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలే వేయించాలి. వాన నీరు పోయే రంధ్రమూ అడిగితేగానీ పెట్టలేదు.

దిమ్మెకు చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ (బంగారు చుక్కలున్న నల్లరాయి) మంచి ఎంపిక. ముఖాన్నీ అందులోనే చెక్కించాలని కొందరికి ముచ్చట, వద్దు. పాలిష్ పెడితే బంగారు చుక్కల మెరుపులో కళ్లూ ముక్కూ కలిసిపోతాయి, పెట్టకపోతే బూడిద రంగే మిగులుతుంది. అక్షరాలకు ఆ తేడాయే వరం, నల్లటి నునుపు మీద చెక్కినవి రంగు వేయకపోయినా చదవొచ్చు. ఘనపుటడుగు రాయి 80 కిలోల పైమాటే, కాబట్టి లోపల కాంక్రీటు పోసి పలకలు తొడిగితే సరిపోతుంది.

డబ్బు మూడు విడతలు: అడ్వాన్సు, మట్టి నమూనా ఒప్పుకున్నాక, బిగించాక. కాగితం మీద ఎత్తు, రంగు, గడువు రాసిచ్చారు. బోల్టుల రకం, దిమ్మె మీద నిలబెట్టే బాధ్యత ఎవరిదన్నది మీరే అడిగి రాయించుకోవాలి.