కంప్యూటర్ ల్యాబ్‌లో సరళీ స్వరాలు: సాంగ్ మేకర్, ఆడాసిటీ ఏడాది వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను కంప్యూటర్లు తెలిసిన మనిషిని కాదు. వీణ నేర్చుకున్నాను, ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు గాత్రం చెప్తాను. పోయినేడు జూన్‌లో మా కరెస్పాండెంట్ గారు పిలిచి "మేడమ్, ఈ ఏడు మ్యూజిక్ పీరియడ్ కంప్యూటర్ ల్యాబ్‌లో పెడదాం, పేరెంట్స్‌కి చూపించుకోవడానికి బాగుంటుంది" అన్నారు. సరే అన్నాను గానీ ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. ల్యాబ్‌లో ఉన్న సిస్టమ్‌లు 14, అందులో ఆన్ అయ్యేవి 11, ఏడో తరగతిలో పిల్లలు 38 మంది. డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే మాట ఎత్తొద్దన్నారు. కాబట్టి ఇక్కడ నేను రాసేవన్నీ ఫ్రీగా దొరికేవే. ఇదే పనిలో ఉన్న టీచర్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట పెట్టింది గూగుల్ వాళ్ల క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్. 2016 నుంచీ ఉందట, నాకు మాత్రం పోయినేడే తెలిసింది. ఇన్‌స్టాల్ చేసేది లేదు, లాగిన్ లేదు, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు. అందులో చిన్న చిన్న ఆటలు చాలా ఉన్నాయి గానీ నేను గట్టిగా వాడింది సాంగ్ మేకర్ ఒక్కటే. గళ్ల కాగితంలా ఉంటుంది, గడి మీద నొక్కితే రంగు పడుతుంది, పైకి వెళ్లే కొద్దీ స్వరం హెచ్చు, కుడికి వెళ్లే కొద్దీ కాలం నడుస్తుంది. అడుగున రెండు వరసలు దరువుకి. ఎంత సులువంటే, నేను ప్రొజెక్టర్‌లో చూపించడం పూర్తి కాకముందే వెనక బెంచీ వాళ్లు గళ్లన్నీ నింపేసి చెవులు మూసుకునేంత గోల చేశారు.

తెరవగానే అది మేజర్ స్కేల్‌లో ఉంటుంది. మన లెక్కలో శంకరాభరణం రాగం. సెట్టింగ్స్‌లో పెంటాటానిక్ అని ఉంటుంది, అది పెడితే స రి గ ప ద, అంటే మోహన రాగం. పిల్లలు ఎక్కడ చుక్క పెట్టినా వినసొంపుగానే ఉంటుంది, అందుకే మొదటి రోజు అందరూ తాము మ్యూజిక్ డైరెక్టర్లం అయిపోయామనుకున్నారు. పేరెంట్స్ మీటింగ్ దాకా ఇదే నడిపితే కరెస్పాండెంట్ గారికి పండగే. నాకు మాత్రం రెండు వారాలకే విసుగొచ్చింది. ఏది నొక్కినా బాగుంటే వాడికి ఏది ఎందుకు బాగుందో తెలిసే అవకాశం ఎక్కడుంది? అందుకని స్కేల్‌ని క్రోమాటిక్‌కి మార్చాను. అప్పుడు స్థాయికి, అంటే స నుంచి పై స వచ్చేలోపు, 12 వరసలు వస్తాయి, మన 12 స్వరస్థానాలు అచ్చంగా. ఇక సరళీ స్వరాలు, అంటే కర్ణాటక సంగీతంలో మొట్టమొదటి పాఠాలు, మొదలుపెట్టాం.

సరళీ వరసలు మాయామాళవగౌళ రాగంలో కదా నేర్పుతాం. కింద నుంచి లెక్కపెడితే షడ్జమం 1, శుద్ధ రిషభం 2, అంతర గాంధారం 5, శుద్ధ మధ్యమం 6, పంచమం 8, శుద్ధ ధైవతం 9, కాకలి నిషాదం 12, పై షడ్జమం 13. పిల్లలు దీన్ని ఫోన్ నంబర్ బట్టీ పట్టినట్టు "ఒకటి రెండు ఐదు ఆరు, ఎనిమిది తొమ్మిది పన్నెండు పదమూడు" అని కారిడార్‌లో పాడుకుంటూ తిరిగారు. మ్యాథ్స్ సారు వచ్చి "ఇదేం ఎక్కం మేడమ్?" అని అడిగారు. నవ్వొచ్చింది గానీ ఒకటి చెప్పాలి. సకి రి పక్కనే ఉంటుంది, గ దూరంగా ఉంటుంది, మళ్లీ మ దాని పక్కనే అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని సంగతి, గళ్లలో రెండడుగుల ఖాళీ కనపడేసరికి ఒక్క పీరియడ్‌లో ఎక్కింది. పదిహేనేళ్లుగా చెప్తున్నాను, ఇంత త్వరగా ఎప్పుడూ ఎక్కలేదు.

ఇంకా బాగా పనిచేసింది కాలాలకి. సెట్టింగ్స్‌లో ఒక్కో బీట్‌ని ఎన్ని భాగాలు చెయ్యాలో పెట్టుకోవచ్చు. ఒకటి పెడితే మొదటి కాలం, రెండు పెడితే రెండో కాలం, నాలుగు పెడితే మూడో కాలం. ఆదితాళానికి ఎనిమిది దెబ్బలు, అవి కదలవు, లోపల గళ్లు మాత్రం రెట్టింపవుతాయి. మూడో కాలం అంటే చెయ్యి కూడా వేగంగా వెయ్యడం అని సగం మంది పిల్లలు అనుకుంటారు, ఇంటి దగ్గర నా దగ్గర నేర్చుకునే పెద్దవాళ్లలోనూ ఆ తప్పు చూశాను. స్క్రీన్ మీద ఆ గీత అదే వేగంతో నడుస్తుంటే, లోపల స్వరాలు మాత్రం కిక్కిరిసిపోవడం చూసి చీమకుర్తి నుంచి వచ్చే ఒకడు "మేడమ్, లారీ అదే స్పీడు, లోడు ఎక్కువ" అన్నాడు. గ్రానైట్ లారీలు చూసి పెరిగినవాడు మరి. ఆ మాట ఇప్పుడు నేను అన్ని క్లాసుల్లోనూ వాడుకుంటున్నాను. బార్‌కి 7 బీట్లు పెట్టి మిశ్రచాపు కూడా చేయించాను, తకిట తకధిమి అని దరువు వరసలో చుక్కలు పెట్టించి.

ఒక జాగ్రత్త. అది మొదలయ్యేది సి నుంచి, అంటే మన లెక్కలో ఒకటి శ్రుతి, జి అయితే ఐదు. మా ఆడపిల్లలు చాలామంది ఐదు, ఐదున్నరకి పాడతారు. స్టార్ట్ ఆన్ అనే చోట జి పెట్టి, పక్కన "మిడిల్" తీసేసి "లో" (Low) పెట్టుకోండి, లేకపోతే పాపం గొంతులు చించుకుంటారు. దాంట్లో మైక్ బటన్ కూడా ఉంది, పాడితే అదే గళ్లలో చుక్కలు పెడుతుంది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది. నాలుగు ఫ్యాన్లు తిరిగే క్లాసులో 38 మంది మధ్య దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

ఇక దీనితో కానిది చెప్తాను. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పాడటం. గడి అంటే గడే, ఈ స్వరం నుంచి ఆ స్వరానికి గంతే తప్ప జారుడు లేదు, ఊపు లేదు. తోడి రాగంలో గాంధారాన్ని ఏ గడిలో పెడతాం? అది రికి మకి మధ్య ఊగుతూ ఉండేది, ఒకచోట నిలబెడితే అది తోడి కాదు. ఇది ఆ సాఫ్ట్‌వేర్ తప్పని అనను, పాశ్చాత్య సంగీతం పిల్లలకి నేర్పడానికి చేసిన వస్తువు, దాని పని అది చక్కగా చేస్తుంది. కానీ మూడు నెలలు దీని మీదే ఉన్న పిల్లలు పాడటంలో కూడా గడి నుంచి గడికి గెంతుతున్నారు, అది నేను చెవులారా విన్నాను. దసరా సెలవుల తర్వాత వారానికి రెండు పీరియడ్లలో ఒకటి ల్యాబ్ మానేసి మళ్లీ చాప మీద కూర్చోబెట్టాను. కరెస్పాండెంట్ గారికి అది నచ్చలేదు, అది వేరే కథ.

మధ్యలో కీబోర్డు ప్రహసనం ఒకటి. యూఎస్‌బీ మిడి కీబోర్డు, నాలుగు వేల చిల్లర, ఆన్‌లైన్‌లో తెప్పించారు. పెట్టె విప్పి, ప్లగ్ పెట్టి, మెట్లు నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు. "డూప్లికేట్ పంపారు, వాపస్ ఇచ్చెయ్యండి" అని ఆఫీసులో ఒకటే గొడవ. అది చెడిపోలేదండీ. మిడి అనేది 1983లో వచ్చిన పద్ధతి, అందులో వెళ్లేది శబ్దం కాదు, కబురు. ఏ మెట్టు నొక్కారు, 0 నుంచి 127 వరకు లెక్కలో ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే. ఆ కబురు అందుకుని మోగించే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో ఉండాలి. ఎల్ఎమ్ఎమ్ఎస్ అనే ఫ్రీది వేశాక మోగింది. కొనేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని కొనండి. ఎల్ఎమ్ఎమ్ఎస్ క్లాసు మొత్తానికి చెప్పేది కాదు, బటన్లు ఎక్కువ, తొమ్మిదో తరగతి కుర్రాళ్లు ఇద్దరు మాత్రం దాన్ని పట్టుకుని వదల్లేదు. మ్యూజ్‌స్కోర్ కూడా చూశాను, నొటేషన్ అందంగా వేస్తుంది, కానీ అది స్టాఫ్ నొటేషన్. మనం రాసుకునే స రి గ మలకి ఆ అయిదు గీతలు ముందు నేర్పాలి, అంత టైమ్ నాకు లేదు.

ఏడాది తిరిగేసరికి నిజంగా నిలిచింది ఆడాసిటీ. చూడటానికి ఏమీ ఉండదు, బూడిద రంగు కిటికీ, ఎర్ర బటన్ నొక్కితే రికార్డ్. ఫ్రీ, నెట్ అక్కర్లేదు, మా పాత సిస్టమ్‌లలో కూడా నడిచింది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలుపెట్టారట, 2000 నుంచి జనం వాడుతున్నారు. నాకు నచ్చింది ఏమిటంటే ఇది పిల్లలకి బదులు తాను వాయించదు. వాళ్లు పాడితేనే అందులో ఏదన్నా ఉంటుంది.

మొదటిసారి తమ గొంతు తాము విన్నప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. "ఇది నేను కాదు మేడమ్, నా గొంతు ఇట్టా ఉండదు" అని ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టింది. కొత్తపట్నం నుంచి వస్తుంది, బాగా పాడుతుంది, కానీ పై షడ్జమం దగ్గర ఎప్పుడూ కాస్త తగ్గుతుంది. నేను ఆర్నెల్లు చెప్పినా "కరెక్ట్‌గానే పాడుతున్నా కదా" అనేది. ఒక ట్రాక్‌లో శ్రుతి పెట్టి, రెండో ట్రాక్‌లో ఆ పిల్ల గొంతు రికార్డ్ చేసి, హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినమన్నాను. మూడుసార్లు వింది. ఏమీ మాట్లాడలేదు. నాలుగోసారి తనే రికార్డ్ బటన్ నొక్కి మళ్లీ పాడింది, ఈసారి అందుకుంది. నేను నోరు విప్పనే లేదు.

గమకం సంగతి కూడా ఇందులోనే తేలింది. ట్రాక్ పేరు మీద నొక్కితే స్పెక్ట్రోగ్రామ్ అనే చూపు ఒకటి వస్తుంది, శబ్దాన్ని బొమ్మలా గీస్తుంది, పైకి వెళ్తే హెచ్చు, వెలుగు ఎక్కువుంటే గట్టి. కీబోర్డు మెట్టు ఒకటి నొక్కి రికార్డ్ చేస్తే గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉన్నాయి. తర్వాత నేను తోడి గాంధారం పాడాను, గీతలు అలల్లా లేచి పడుతున్నాయి. "మేడమ్, సముద్రం!" అన్నారు. ఆ తర్వాత షేక్ చినమౌలానా గారి నాదస్వరం వినిపించి అదే బొమ్మ చూపించాను. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బోలెడు గీతలు, అన్నీ కలిసికట్టుగా ఊగుతున్నాయి. ఆయనది మన ఒంగోలు దగ్గరి కరవది, 1924లో పుట్టారు, తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. క్లాసులో కరవది నుంచి వచ్చేవాడు ఒకడున్నాడు, వాడికి ఆ పేరే తెలియదు. మర్నాడు వాళ్ల తాతని అడిగి వచ్చి నాకే నాలుగు సంగతులు చెప్పాడు.

ఆడాసిటీలో ఇంకో రెండు వాడుకున్నాను. రిథమ్ ట్రాక్ అని ఒకటుంది, నిమిషానికి ఎన్ని దెబ్బలో, బార్‌కి ఎన్నో చెప్తే టక్ టక్‌మని కొడుతుంది. 60, 8 పెట్టుకుంటే ఆదితాళానికి సరిపోతుంది. తాళంలో భాగాలైన లఘువు, ద్రుతాలు దానికి తెలియవు, మొదటి దెబ్బ ఒక్కటే గట్టిగా కొడుతుంది, మిగతాది చేత్తో చూపించుకోవాల్సిందే. చేంజ్ టెంపో అనేదైతే శ్రుతి మారకుండా పాటని నెమ్మది చేస్తుంది, వేగం సంగతులు నేర్పేటప్పుడు ప్రాణం లేచొస్తుంది. ఒకసారి ఇంటి దగ్గర శబ్దాలు తెమ్మన్నాను, గ్రానైట్ కోసే మిషన్, ఎద్దుల మెడలో గంటలు, కరెంటు పోగానే ఇన్వర్టర్ కూత, వీటన్నిటినీ కోసి రూపక తాళంలో అతికించారు. ఆ పీరియడ్ బెల్ కొట్టినా ఎవరూ లేవలేదు.

పరికరాల దగ్గర మాత్రం నేను దెబ్బతిన్నాను, మీరు తినకండి. ఊళ్లో ఒక షాపులో చవకగా ఉన్నాయని డజను హెడ్‌ఫోన్స్ తెచ్చారు, నెల తిరక్కుండానే అయిదింటికి ఒక చెవి పోయింది. బ్లూటూత్ స్పీకర్‌తో రికార్డింగ్ జోలికి పోవద్దు. అందులో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, పిల్లలు దాన్ని వింటూ పాడితే వాళ్ల గొంతు తాళం వెనకపడి రికార్డ్ అవుతుంది. నేను రెండు వారాలపాటు పిల్లలకే లయ లేదని తిట్టాను, తర్వాత వైరు హెడ్‌ఫోన్స్ పెడితే అందరికీ లయ వచ్చేసింది. సారీ చెప్పాను లెండి. ఒక జాక్‌ని రెండు చేసే స్ప్లిటర్లు కొనుక్కుంటే సిస్టమ్‌కి ఇద్దరు కూర్చోవచ్చు. ముగ్గురైతే మూడోవాడు కచ్చితంగా వైర్లు పీకుతాడు.

ఎవరైనా అడిగితే నా మాట ఇది: ఆరు, ఏడు తరగతులకి సాంగ్ మేకర్ ఒక నెల, క్రోమాటిక్‌లో పెట్టి, తాళాలకీ స్వరస్థానాలకీ. ఆ తర్వాత ఆడాసిటీ, అది ఏ తరగతికైనా. మిగతావి ఆసక్తి ఉన్నవాళ్లకి వదిలెయ్యండి. పక్కన శ్రుతిపెట్టె, చాప మాత్రం తియ్యకండి.

అన్నట్టు, ఆడాసిటీలో సేవ్ చేస్తే అది ప్రాజెక్ట్ ఫైలు, ఫోన్లో మోగదు. ఎక్స్‌పోర్ట్ నొక్కి ఎంపీ3 చెయ్యాలి. ఇది ముందే చెప్పకపోవడంతో యాన్యువల్ డే ముందు రాత్రి ఎనిమిది నుంచి పదింటి దాకా "మా వాడి పాట తెరుచుకోవట్లేదు మేడమ్" అని పదిహేడు ఫోన్లు వచ్చాయి నాకు.