క్లిఫ్ రిచర్డ్‌తో మొదలుపెట్టాలా, బిల్లీ ఫ్యూరీతోనా?

బీటిల్స్‌కు ముందటి బ్రిటిష్ పాప్ వినాలనుకునేవాళ్లకు మొదట ఎదురయ్యే పేర్లివే. ఇద్దరూ 1940లోనే పుట్టారు: క్లిఫ్ మన లక్నోలో, ఫ్యూరీ లివర్‌పూల్‌లో.

హిట్లు: క్లిఫ్‌కు నంబర్ వన్‌లు బోలెడు. ఫ్యూరీకి ఒక్కటీ లేదు. 1961లో రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయాడు.

పాటలు: క్లిఫ్ ఎక్కువగా ఇతరులు రాసినవే పాడాడు. వెనక అతని బ్యాండ్ షాడోస్ గిటార్లు శుభ్రంగా, మెరుపుగా మోగుతాయి. ఫ్యూరీ 1960 నాటి తొలి ఆల్బం ‘ది సౌండ్ ఆఫ్ ఫ్యూరీ’లో పది పాటలూ తనే రాసుకున్నాడు. కొన్నిటికి మారుపేరు పెట్టుకున్నాడు. జో బ్రౌన్ గిటార్ కోసమైనా వినాల్సిందే. ఆ తర్వాత రికార్డు కంపెనీ డెక్కా వాళ్లు అతన్ని వయొలిన్ల బాట పట్టించారు. హిట్లు వచ్చాయి, పదును తగ్గింది.

ఖర్చు: ఫ్యూరీ పది అంగుళాల అసలు రికార్డు జోలికి పోకండి, ధర మండిపోతుంది. రీఇష్యూ చాలు.

చిక్కు: ఫ్యూరీ 1978లో పాత హిట్లను మళ్లీ పాడాడు. సంకలనం కొనేముందు రికార్డింగ్ సంవత్సరం చూసుకోండి.

ఇంటిల్లిపాదీ వినడానికైతే క్లిఫ్. రాక్ అండ్ రోల్ పదును కావాలంటే ఫ్యూరీ, అదీ 1960 ఆల్బంతోనే.