విల్సన్ జీఎస్‌టీ: కాలేజీ సీజన్ మొత్తం ఈడ్చుకొచ్చే తోలు బంతి

పేరు చూసి పన్ను అనుకునేరు. ఈ జీఎస్‌టీ విల్సన్ కంపెనీ అమెరికన్ ఫుట్‌బాల్ బంతుల్లో ఒక రకం. అమెరికా కాలేజీ జట్ల దగ్గర తరచూ కనిపించే బంతుల్లో ఇదొకటి. తోలుది ఒక్కోటి వంద డాలర్ల పైమాటే. అంత పోసి కొన్నాక పెట్టె విప్పితే చేతికొచ్చేది బిర్రుగా, నున్నగా, మైనం రాసినట్టు జారే వస్తువు. తొలిరోజే విసిరి చూసి "దీనికా ఇంత డబ్బు!" అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. వాళ్ల తొందరే గానీ బంతి తప్పేం లేదు. ఇది పొయ్యి మీంచి సగంలో దించిన అన్నం లాంటిది. మిగతా సగం కొన్నవాళ్లే ఉడికించుకోవాలి.

ముందు సరుకు సంగతి. విల్సన్ తోలు బంతులు కుట్టే కర్మాగారం ఒహాయో రాష్ట్రంలో ఏడా అనే చిన్న ఊళ్లో ఉంది, 1955 నుంచీ అక్కడే. తోలును షికాగోలోని హార్వీన్ అనే తోళ్ల కంపెనీ ఊని (పదును చేసి) ఇస్తుంది. ఈ బంతిని "పిగ్‌స్కిన్" అని పిలవడం పాత అలవాటేగానీ పందికీ దీనికీ సంబంధం లేదు, పశువుల తోలే. నాలుగు ముక్కల్ని తిరగవేసి కుట్టి, ఆవిరితో మెత్తబరిచి, లేసుల సందులోంచి లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పుతారు. దిండు గలీబును తిప్పినట్టే, కాకపోతే ఈ గలీబు చెక్కలా ఉంటుంది. ఆ తరువాత గాలి నిలిపే రబ్బరు సంచి (బ్లాడర్) దూర్చి, లేసు బిగించి, గాలి కొడతారు. చేతిపని కాబట్టి ఏ రెండు బంతులూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కొనేటప్పుడు పనికొస్తుంది.

జీఎస్‌టీలో డబ్బు పెట్టదగ్గవి రెండు. ఒకటి, తోలులోనే ఇమిడిన జిగట. పైన పూసిన పూత అయితే పదిరోజుల్లో పోతుంది. ఇది బ్రష్ రుద్దేకొద్దీ పైకి వస్తుంది. రెండోది తెల్ల చారలు. వీటిని రంగుతో వెయ్యకుండా విడిగా కుట్టారు. రంగు చార తడిస్తే గాజులా జారుతుంది. బంతి విసిరే ఆటగాడైన క్వార్టర్‌బ్యాక్ చూపుడువేలు బంతి వెనక కొన వైపు, చార దగ్గరే పడుతుంది గనక వానలో ఆ తేడా బాగా తెలుస్తుంది. లేసు కూడా గట్టి రకం. వేళ్లకు అంచు తగులుతుంది.

కొనేటప్పుడు జరిగే పొరపాట్లు ఎక్కువగా రెండు. ఇదే పేరుతో కాంపోజిట్ (కృత్రిమ తోలు) రకం కూడా దొరుకుతుంది, ధర బాగా తక్కువ. బొమ్మలో రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. "తోలు" అన్న మాట వివరాల్లో ఉందో లేదో చూడందే డబ్బు కట్టకండి. సైజుల గొడవ ఇంకొకటి. పిల్లల సైజులు కూడా ఇదే పేరు మీద వస్తాయి. కాలేజీకి కావలసింది అఫీషియల్ సైజు. ఇక ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వాళ్లు వాడే "డ్యూక్" బంతికి చారలుండవు. అది ఎంత మంచిదైనా కాలేజీ మ్యాచ్‌లో చెల్లదు.

కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనలో కొలతలు గీత గీసినట్టు ఉన్నాయి. బరువు 14 నుంచి 15 ఔన్సులు, గాలి ఒత్తిడి 12.5 నుంచి 13.5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). నిలువు చుట్టుకొలత 27.75 నుంచి 28.5 అంగుళాలు, అడ్డం చుట్టుకొలత 20.75 నుంచి 21.25. లేసు కుట్లు ఎనిమిది. చారలు ఒక్కో అంగుళం వెడల్పుతో లేసుకు ఆనుకుని ఉన్న రెండు ముక్కల మీదే ఉండాలి. బంతి కొత్తదో, కొత్తదానిలాంటిదో అయి ఉండాలి. ఈ లెక్కలో ఒక వెసులుబాటు ఉంది. బంతి చేతిలో ఉండి దాడి చేసే జట్టు తనకు నచ్చిన బంతి వాడుకోవచ్చు. అందుకే ఒకే మ్యాచ్‌లో రెండు కంపెనీల బంతులు మారుతూ కనిపిస్తాయి. బంతిని మచ్చిక చేసుకోవడానికి జట్లు అంత శ్రమ పడేది కూడా ఇందుకే, ఆ శ్రమ ఫలం ఎదుటి జట్టుకు పోదు.

వచ్చిన బంతుల్ని ఒక్కొక్కటీ చేత్తో చూసుకోవాలి. 13 పీఎస్ఐకి గాలి కొట్టి రెండు కొనల్నీ బొటనవేలు, చూపుడువేలు మధ్య లూజుగా పట్టుకుని ఎవరిచేతైనా తిప్పించండి. కుట్టు గీతలు నిలకడగా తిరిగితే సరే. నడుము దగ్గర ఊగిసలాడితే ముక్కలు సమంగా పడలేదని అర్థం. అలాంటిది ఎంత బాగా విసిరినా గాలిలో వణుకుతుంది. దాన్ని ప్రాక్టీసుకు పక్కన పెట్టండి. తరువాత లేసుకు రెండు పక్కలా అరచేయి ఆనించి చూడండి. ఒక ముక్క మీద తోలు పైనుండే చిన్న బుడిపెలు గరుగ్గా, పక్కదాని మీద అణిగినట్టు ఉంటే అదీ మ్యాచ్ బంతి కాదు. డజను కొంటే ఒకటో రెండో ఇలా పక్కకు పోతాయనే లెక్కతో కొనాలి.

ఇక అసలు పని. మచ్చిక చేయడానికి కావలసింది గుర్రపు వెంట్రుకల బ్రష్, తోలు కండిషనర్, బంతుల కోసం అమ్మే మైనం బిళ్ళ, రెండు నూలు గుడ్డలు, ఓపిక. మొదటిరోజు గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి బంతి అంతా ఒకసారి తుడవండి. తోలు రంగు కొంచెం మారాలిగానీ తడి మెరవకూడదు. వెంటనే బ్రష్ అందుకుని ఒక్కో ముక్కకు నాలుగైదు నిమిషాల చొప్పున, కొన నుంచి కొనకు కాకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. ఎర్రగా ఉన్న తోలు ముదురు గోధుమ రంగుకు దిగుతుంది. బ్రష్ మొదట్లో సర్రున పోతుంది, కాసేపటికి పట్టిపట్టి కదులుతుంది. జిగట పైకి వస్తోందనడానికి గుర్తు అదే. అప్పుడు కండిషనర్ పల్చగా, వేలికి అంటిన పాటి మాత్రమే పూసి రాత్రంతా వదిలేయండి.

రెండోరోజు ముందు పొడి బ్రష్. తరువాత మైనం బిళ్ళను బుడిపెల మీద తేలిగ్గా రాసి మళ్లీ బ్రష్. చేతి ఒరిపిడి వేడికే మైనం కరిగి పట్టాలి. ఈ రెండు రోజుల వరసను మూడుసార్లు తిప్పితే వారంలో బంతి చేతికి వస్తుంది. చివరిసారి బ్రష్ పెట్టాక అరచేతిని బంతి మీద ఆనించి బోర్లా తిప్పి చూడండి. వేళ్లు ముడవకుండానే ఒక్క క్షణం బంతి అంటుకుని వేలాడితే పని అయిపోయినట్టే. ఆ తరువాత ఓ నాలుగు ప్రాక్టీసుల్లో విసిరితేగానీ లేసు మెత్తబడదు. దానికి అడ్డదారి లేదు.

షేవింగ్ నురగ పూసే పద్ధతి కూడా ఉంది. పని చేస్తుందిగానీ మెంథాల్ ఉన్నది వాడితే తోలు పొడిబారుతుంది. కండిషనర్ ఉండగా దాని జోలికి పోవడం ఎందుకో అర్థం కాదు.

చెడేది ఎక్కువగా అతి వల్లే. నీళ్లు ఎక్కువైతే తోలు ఉబ్బి కుట్టు సాగుతుంది, ఆరాక నడుము లావెక్కిన బంతి మిగులుతుంది. మైనం ఎక్కువైతే బుడిపెల మధ్య సందులు పూడిపోతాయి. ఆగస్టు ఎండలో బాగానే ఉన్నట్టుంటుంది, నవంబర్ చలికి అదే మైనం గడ్డకట్టి సబ్బు ముక్కలా జారుతుంది. పూడితే గోరువెచ్చని తడి గుడ్డతో తుడిచి, పొడి బ్రష్‌తో సందులు తవ్వడం ఒక్కటే దారి. గుర్రపు జీనుకు రాసే నూనెలు అసలే వద్దు. తోలు తాగేసి బరువు 15 ఔన్సులు దాటించేస్తుంది, వెనక్కి తీయలేం. కరెంటు డ్రిల్లు మిషనుకు బ్రష్ తగిలించి రుద్దితే గంట పని పది నిమిషాల్లో అవుతుంది నిజమే, కానీ ఒకేచోట మూడు సెకన్లు ఆగితే బుడిపెలు మాడి నున్నబడతాయి. గరుకు కాగితం రాయడం అయితే బంతిని మార్చడం కిందికే వస్తుంది, నిబంధన ఒప్పుకోదు.

గాలి విషయంలో జరిగే పొరపాటు ఇంకా సూక్ష్మం. పంపు సూదిని పొడిగా గుచ్చితే వాల్వ్ లోపలి రబ్బరు చీలుతుంది. బంతి రోజుకో అర పీఎస్ఐ దిగుతోందంటే మొదట అనుమానించాల్సింది దాన్నే. సూదికి ఒక్క చుక్క గ్లిజరిన్ రాసి, మెలితిప్పకుండా నిటారుగా దింపండి. గేజ్ పెట్టిన ప్రతిసారీ కాస్త గాలి పోతుంది కాబట్టి ఊరికే కొలుస్తూ కూర్చోవద్దు.

గదిలో కొలిచిన గాలి మైదానంలో అంతే ఉండదు. 22 డిగ్రీల సెల్సియస్ గదిలో 13 పీఎస్ఐ పెట్టిన బంతి 10 డిగ్రీల చలిలోకి వెళ్తే 11.9కి, సున్నా డిగ్రీల్లో 10.9కి పడిపోతుంది. 35 డిగ్రీల ఎండలో 14.2కి ఎక్కుతుంది. గాలి ఎక్కడికీ పోలేదు, చల్లబడి ముడుచుకుందంతే. గదిలో 13.5 పెట్టినా బయట 11, 12 డిగ్రీల కంటే చలి ఉంటే 12.5 కిందికి జారుతుందన్న మాట. చలికాలం ప్రాక్టీసుకు బంతుల్ని గంటో రెండు గంటలో బయట ఉంచి, అక్కడే గాలి సరిచేయాలి. లేకపోతే వారమంతా మెత్తటి బంతితో విసిరి, మ్యాచ్ జరిగే శనివారం గట్టి బంతి చేతికొచ్చేసరికి క్వార్టర్‌బ్యాక్ లెక్క తప్పుతుంది. మ్యాచ్ బంతుల్ని మాత్రం రెఫరీ పరీక్షించాక ముట్టుకోకూడదు. 2012లో ఒరెగాన్‌తో ఆడిన మ్యాచ్‌లో పరీక్షించిన బంతుల గాలి తీశారని తేలి యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాకు అప్పట్లో అది ఉన్న కాలేజీ జట్ల కూటమి పాక్-12 కాన్ఫరెన్స్ 25,000 డాలర్ల జరిమానా వేసింది. ఆ పని చేసిన విద్యార్థి మేనేజర్ ఉద్యోగం కూడా పోయింది.

వాన దగ్గర జీఎస్‌టీ మంచి మార్కులే తెచ్చుకుంటుందిగానీ తోలు తోలే. పావుగంట జల్లుకు తట్టుకుంటుంది, గంట వానకు నానుతుంది. బంతి ఆరబెట్టే యంత్రాల్ని మైదానం పక్క గీతల దగ్గరికి రానివ్వరు, ఆరబెట్టే పదార్థాలు పూయడానికీ లేదు. కాబట్టి తువ్వాళ్లే దిక్కు. ఎక్కువ బంతులు పెట్టుకుని త్వరత్వరగా మార్చడమే ఉపాయం. మామూలు రోజు ఆరు చాలు, వాన సూచన ఉంటే పన్నెండు సిద్ధం చేసుకోవాలి. తడిసిన వాటిని గుడ్డతో అద్ది, గాలి రెండు మూడు పీఎస్ఐ తగ్గించి, ఫ్యాను గాలికి ఒక రోజంతా వదిలేయండి. ఎండలోనో, హీటర్ ముందో పెట్టారా, తోలు బిరుసెక్కి కుట్టు దగ్గర పగుళ్లు తీస్తుంది. ఆరాక పల్చగా కండిషనర్, బ్రష్, చివర్లో గాలి. వాన ప్రాక్టీసులకు చవక కాంపోజిట్ బంతులు వాడి తోలువాటిని దాచుకోవడం తెలివైన పని.

రెగ్యులర్ సీజన్ 12 మ్యాచ్‌లు, ఆగస్టు చివరి నుంచి నవంబర్ చివరిదాకా. దానికి రెండు డజన్ల తోలు బంతులుంటే ఇబ్బంది ఉండదు. అన్నీ ఒకేసారి మచ్చిక చేస్తే అన్నీ ఒకేసారి అలసిపోతాయి. ఎనిమిది జూలైలో, ఎనిమిది సెప్టెంబర్ నడుమ, మిగతావి అక్టోబర్‌లో మొదలుపెట్టండి. మ్యాచ్‌లో వాడినవి ప్రాక్టీసుకు, ప్రాక్టీసులో అరిగినవి ముందు వరసలో అడ్డుకునే లైన్‌మెన్ కసరత్తులకు దిగుతూ పోవాలి. వరస తెలియాలంటే వాల్వ్ పక్కన తేదీ రాసి పెట్టుకోండి. మ్యాచ్ బంతుల మీద మాత్రం గీతలు పెట్టకుండా సంచికి చీటీ కట్టండి.

ఎప్పుడు పక్కన పెట్టాలన్నది కంటితో తేలదు, టేపుతో తేలుతుంది. నెలకోసారి 13 పీఎస్ఐ దగ్గర నిలువు చుట్టుకొలత తీయండి. కొత్తలో 28 చిల్లర ఉన్నది 28.4కి వచ్చిందంటే తోలు సాగిపోతోంది. ఇంకో వానకు 28.5 దాటుతుంది. దానికంటే ముందే చార అంచు లేవడం, లేసు పోగులు రేగడం, బొటనవేలు పడేచోట బుడిపెలు అణిగి అద్దంలా మెరవడం కనిపిస్తాయి. మెరుపు ఒక్కటే అయితే బ్రష్‌తో ఒకసారి ప్రయత్నించవచ్చు. చార లేచిన దాన్ని జిగురుతో అంటించి మ్యాచ్‌కు పంపకండి, తడిస్తే మొదట ఊడేది అక్కడే.

ధర సంగతికొస్తే, బ్రష్ పట్టే మనిషి లేని జట్టు దీన్ని కొనడం దండగ, కాంపోజిట్ తీసుకుని మిగిలిన డబ్బు తువ్వాళ్ల మీద పెట్టుకోవచ్చు. ఆ మనిషి ఉంటే మొదటి ఎనిమిదీ జూన్‌లోనే తెప్పించుకోండి. పక్కకు పోయినవాటి బదులు మళ్లీ తెప్పించుకోవడానికి ఆ నెల సరిపోతుంది.