యుద్ధానికి వెళ్లొచ్చిన షోకు నౌకలు: శాన్ డియేగోలో మెడియా, సముద్రం మీద సీ క్లౌడ్

రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ నౌకాదళాలకి ముందుగా కొరత పడింది చిన్న నౌకలే. పెద్ద యుద్ధనౌక కట్టాలంటే ఏళ్లు పడుతుంది. సరుకు ఓడలకి కాపలా వెళ్లడానికి, రేవు ముందు గస్తీ తిరగడానికి, వాతావరణం చూసి చెప్పడానికి మాత్రం రేపటికి రేపు నౌకలు కావాలి. అందుకే కోటీశ్వరుల సొంత యాట్‌లని, అంటే విహార నౌకల్ని, కొన్నారు, అద్దెకి తీసుకున్నారు, ముదురు బూడిద రంగేసి తుపాకులు బిగించారు. యుద్ధం అయ్యాక వాటిలో చాలావరకు తుక్కు కిందే పోయాయి. మిగిలినవాటిలో మామూలు యాత్రికులు ఎక్కగలిగిన రెండిటి గురించి ఇక్కడ చెప్తాను. ఒకటి మ్యూజియం టికెట్‌తో అయిపోతుంది, రెండోదానికి వేల యూరోలు కావాలి. చరిత్ర కళ్లకి కనపడాలంటే మొదటిదే మేలు.

మెడియా స్కాట్లండ్‌లో పుట్టిన ఆవిరి యాట్. 1904లో క్లైడ్ నది ఒడ్డున అలెగ్జాండర్ స్టీఫెన్ యార్డ్ దీన్ని 51 రోజుల్లో కట్టేసింది. టోరిస్‌డేల్ కోట యజమాని విలియమ్ మెకాలిస్టర్ హాల్ తన అతిథుల్ని వేటకి, విహారానికి తిప్పడానికి చేయించుకున్నాడు. పొడవు 140 అడుగులు, వెడల్పు 17 అడుగులకి కాస్త తక్కువ. ఇంజన్ 254 హార్స్‌పవర్, వేగం ఎనిమిదిన్నర నాట్లు, అంటే గంటకి 16 కిలోమీటర్ల లోపు.

ఈ అంకెలు గుర్తుపెట్టుకుని డెక్ మీద నిలబడితే 1917 సంగతి బాగా అర్థమవుతుంది. ఆ ఏడాది ఫ్రెంచి నౌకాదళం దీన్ని కొని, కోర్నెయ్ అని పేరు మార్చి, 75 మిల్లీమీటర్ల ఫిరంగి బిగించి కాన్వాయ్‌లకి కాపలా పెట్టింది. నీటిపైన జలాంతర్గామి వేగం దీనికి దాదాపు రెట్టింపు, తరిమి పట్టుకోవడం జరిగే పని కాదు. మరి ఎందుకు పనికొచ్చిందంటే, ఫిరంగి ఉన్న నౌక పక్కనుంటే జలాంతర్గామి పైకి తేలి తీరిగ్గా సరుకు ఓడని కాల్చలేదు. నీటిలోపలే ఉండిపోవాలి, అక్కడ దాని వేగం సగానికి పడిపోతుంది, దాని దగ్గర టార్పెడోలు కూడా లెక్కపెట్టినన్నే ఉంటాయి.

విహారానికి కట్టిన పడవ మీద ఫిరంగి పెట్టడంలోని చిక్కులన్నీ బరువు దగ్గరే మొదలవుతాయి. పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బని సన్నటి డెక్ దూలాలు తట్టుకోలేవు. కింద నిలువు ఊతాలు పెట్టి ఆ బరువుని నౌక అడుగుదాకా దింపాలి. పైన బరువు పెరిగితే ఒరుగుడు ఎక్కువవుతుంది, నిలదొక్కుకోవడం ఆలస్యమవుతుంది. దానికి అడుగున బరువు నింపితే నౌక మరింత మునిగి, అలలు డెక్ మీదికి వస్తాయి. పైగా రేవు నుంచి రేవుకి తిరగడానికి సరిపోయే బొగ్గు గదులు రోజుల తరబడి సముద్రంలో ఉండటానికి చాలవు. మెడియా వెడల్పుని డెక్ మీద అడుగులతో కొలిచి చూడండి, ఈ ఇబ్బంది ఎంతటిదో తెలుస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం దీనికి తగిన పని ఇచ్చింది. థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట అడ్డు బెలూన్లకి లంగరుగా నిలబెట్టింది. బెలూన్ శత్రువిమానాన్ని కూల్చడానికి కాదు, దాన్ని పట్టి ఉంచే ఉక్కు తాడే అసలు అడ్డు. నదీముఖంలో మైన్లు (నీటిలో పేలే మందుపాతరలు) జారవిడవాలంటే విమానం బాగా కిందికి దిగాలి. తాళ్లు వేలాడుతుంటే దిగలేదు. ఈ పనికి వేగం అక్కర్లేదు, కదలకుండా నిలబడితే చాలు.

1971లో పాల్ విటియర్ దీన్ని కొని పాత రూపానికి తెచ్చి, 1973లో అమెరికాలోని శాన్ డియేగో మారిటైమ్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఇప్పుడు చూసేది 1904 నాటి షోకే. ఫిరంగి గుర్తుల కోసం వెతికితే నిరాశే, ఇంజన్ గది మాత్రం తప్పకుండా చూడాల్సింది. ఇది కాంపౌండ్ ఇంజన్: ఆవిరి ముందు చిన్న సిలిండర్‌లో పనిచేసి, ఒత్తిడి తగ్గాక పెద్ద సిలిండర్‌లోకి వెళ్తుంది. ఒత్తిడి తగ్గిన ఆవిరితో అంతే పని చేయించాలంటే పిస్టన్ పెద్దదై ఉండాలి, అందుకే ఆ రెండూ ఒకే సైజులో ఉండవు. ఇది చూశాకే అదే రేవులో ఉన్న 1898 నాటి ఫెర్రీ బర్క్‌లీ లోపలికి వెళ్లండి. అక్కడిది ఆవిరిని మూడుసార్లు వాడుకునే ట్రిపుల్ ఎక్స్‌పాన్షన్ ఇంజన్. ఈ వరుసలో చూస్తే పిల్లలకి కూడా బొమ్మ గీసి చెప్పినట్టు అర్థమవుతుంది.

అదే టికెట్‌తో చూపించే స్టార్ ఆఫ్ ఇండియాకి మన తీరంతో సంబంధం ఉంది. 1863లో యూటర్ప్ పేరుతో తయారైన ఈ ఇనప ఓడ 1865లో బంగాళాఖాతంలో, మద్రాసు దరిదాపుల్లో, తుపానులో చిక్కుకుంది. బతికి బయటపడటానికి తెరచాప స్తంభాలు నరికేసుకుని శ్రీలంకలోని ట్రింకోమలీ చేరింది. జనమంతా దీని దగ్గరే ఆగిపోతారు కాబట్టి పొద్దున్నే తలుపులు తీయగానే మెడియా ముగించుకుని తర్వాత ఇటు రావడం నయం. మెట్లు నిటారుగా, దారులు ఇరుకుగా ఉంటాయి. విశాఖలో ఐఎన్‌ఎస్ కురుసుర లోపల తిరిగినవాళ్లకి కొత్తేమీ అనిపించదు గానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని బర్క్‌లీలో కూర్చోబెట్టడం మంచిది.

మ్యూజియానికి మూడు గంటలు పెట్టుకోండి. దక్షిణంగా నడిచి వెళ్లేంత దూరంలో యూఎస్‌ఎస్ మిడ్‌వే విమానవాహక నౌక ఉంది, దానికి ఒక్కదానికే నాలుగు గంటలు కావాలి. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండోది కాళ్లు ఈడ్చుకుంటూ చూడాల్సిందే. లాస్ ఏంజెలెస్ నుంచి పసిఫిక్ సర్ఫ్‌లైనర్ రైలు ఎక్కి శాంటా ఫే డిపోలో దిగితే అక్కడినుంచి నడకే. హార్బర్ డ్రైవ్‌లో కారు పెట్టే చోటు దొరకడం కష్టం, అందుకని రైలు, ట్రాలీ (ఊళ్లో తిరిగే చిన్న రైలు) సుఖం.

బస లిటిల్ ఇటలీలో అయితే రేవుకి నడిచి వెళ్లొచ్చు, కానీ అద్దె ఎక్కువ, విమానాలు నెత్తిమీదుగానే దిగుతాయి. రాత్రి 11:30 నుంచి ఉదయం 6:30 దాకా విమానాలు బయల్దేరకూడదన్న నియమం ఉంది, మిగతా వేళల్లో మోత తప్పదు. తేలిగ్గా నిద్ర చెదిరేవాళ్లకి, కుటుంబంతో వచ్చేవాళ్లకి మిషన్ వ్యాలీ హోటళ్లు మేలు. ధర తక్కువ, గ్రీన్ లైన్ ట్రాలీ నేరుగా డౌన్‌టౌన్‌కి వస్తుంది. ఇడ్లీ, సాంబారు కావాలంటే మాత్రం ఉత్తరాన మిరామార్ వైపు బ్లాక్ మౌంటెన్ రోడ్‌కి కారులో పోవాలి, అక్కడ భారతీయ దుకాణాలన్నీ ఒకేచోట ఉన్నాయి.

ఇక సీ క్లౌడ్. 1931లో జర్మనీలోని కీల్‌లో క్రుప్ యార్డ్ కట్టిన నాలుగు స్తంభాల తెరచాప నౌక, పొడవు సుమారు 109 మీటర్లు. అప్పటి పేరు హుస్సార్. యజమానులు ఇ. ఎఫ్. హటన్, ఆయన భార్య మార్జరీ మెరివెదర్ పోస్ట్. విడాకుల తర్వాత నౌక ఆమెకి దక్కింది, పేరు మారింది. 1942లో ఏడాదికి 1 డాలర్ అద్దెకి అమెరికా ప్రభుత్వానికి ఇచ్చారు. తెరచాప స్తంభాలు పీకేసి, బూడిద రంగేసి, ఆయుధాలు పెట్టి కోస్ట్ గార్డ్ దీన్ని అట్లాంటిక్‌లో వాతావరణ నౌకగా వాడింది. ఉపగ్రహాలు లేని రోజుల్లో నడిసముద్రపు గాలి సంగతి తెలియాలంటే అక్కడ ఒక నౌక కాచుకుని ఉండాల్సిందే. 1943 ఏప్రిల్‌లో నౌకాదళంలో ఐఎక్స్-99 అనే నంబరుతో నమోదైంది.

దీని అసలు గొప్ప 1943 చివర్లో మొదలైంది. అప్పటిదాకా నల్లజాతివాళ్లకి నౌకల్లో దక్కేది ఎక్కువగా వంటశాల, వడ్డన పనులే. లెఫ్టినెంట్ కార్ల్‌టన్ స్కిన్నర్ సారథ్యంలో ఈ నౌక మీద నల్ల నావికులు, నల్ల అధికారులు తెల్లవాళ్లతో కలిసి అన్ని పనులూ చేశారు, కలిసే భోంచేశారు, కలిసే పడుకున్నారు. తనిఖీల్లో ఈ నౌకకి ప్రత్యేకమైన సడలింపు ఏదీ లేదు, మిగతా నౌకలకి పెట్టిన పరీక్షే పెట్టారు, నెగ్గింది. చిత్రకారుడు జేకబ్ లారెన్స్ కూడా ఈ సిబ్బందిలో ఒకరు. అమెరికా సైన్యాలన్నిటికీ ఇలా కలిసి పనిచేయడం అధికారిక విధానమైంది 1948లో, అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వుతోనే. ఏ పాలరాయి కన్నా, ఏ బంగారు కుళాయి కన్నా ఈ నౌకకి ఇదే పెద్ద నగ.

1944 నవంబర్‌లో విధుల నుంచి తప్పించారు. తర్వాత డొమినికన్ నియంత ట్రుహీయో చేతికి పోయింది, పనామాలో ఏళ్లపాటు ఖాళీగా పడి ఉంది. 1978లో జర్మన్లు కొని బాగుచేసి మరుసటి ఏడాది నుంచి యాత్రలకి తిప్పుతున్నారు. వేసవిలో మధ్యధరా, చలికాలంలో కరీబియన్ వైపు. 64 మందికే చోటు, దాదాపు అంతే మంది సిబ్బంది. తెరచాపలు ఇప్పటికీ మనుషులు పైకెక్కి చేత్తోనే విప్పుతారు. దీనికోసమే డబ్బు పెట్టాలి.

గది ఎంచుకునేటప్పుడు జాగ్రత్త. 1, 2 నంబర్లు పాత యజమానులవి, పాలరాతి నిప్పుగూడు సహా అలాగే ఉన్నాయి. పై డెక్‌లోని గదులు యాత్రా నౌకగా మార్చినప్పుడు కట్టినవి, శుభ్రంగా ఉంటాయి గానీ వాటిలో చరిత్ర లేదు. చరిత్ర కోసమే వెళ్లేవాళ్లు కింది డెక్‌లోని పాత గదుల్లో చవకది అడగండి. లిఫ్ట్ లేదు, ఈతకొలను లేదు. గాలి బాగా తగిలినప్పుడు నౌక ఒక పక్కకి ఒరిగే ఉంటుంది, వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి. గాలిని బట్టి దారి మారుతుంది కాబట్టి దిగిన రోజే తిరుగు విమానం పెట్టుకోకండి. శాకాహారం సంగతి బుకింగ్‌లోనే రాతపూర్వకంగా చెప్పాలి. నడిసముద్రంలో చెప్తే ఉన్నదాంతో సర్దుకోవాల్సి వస్తుంది. భారతీయ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు మధ్యధరా యాత్రలో టర్కీ, మాంటెనెగ్రో లాంటి రేవులున్నాయేమో చూసుకోండి. ఉంటే షెంగెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీదే తీసుకోవాలి, సింగిల్ ఎంట్రీ అయితే ఒకసారి బయటికి వెళ్లాక మళ్లీ లోపలికి రానివ్వరు.