పులిపిర్లకు ఏది మేలు: గడ్డకట్టించడమా, యాసిడ్ రాయడమా, వదిలేయడమా?

వేళ్ల మీద పులిపిర్లు లేవగానే చాలామంది అడిగేది ఒకటే: కాల్చేస్తే పోతాయా? కరెంటు కాటరీతో కాలిస్తే ఆ పూటకి పోయినట్టే ఉంటుంది. కానీ పులిపిరికి వేరంటూ ఉండదు. చర్మం పైపొరలో హెచ్‌పీవీ అనే వైరస్ ఉంటుంది. కాల్చిన చోట మచ్చ మిగిలి, పక్కనే మళ్లీ లేవొచ్చు. అందుకే కాటరీ మొదటి ఎంపిక కాకూడదని నా గట్టి అభిప్రాయం.

అసలు పోటీ మిగతా మూడింటి మధ్యే. నెదర్లాండ్స్‌లో కుటుంబ వైద్యుల దగ్గరికి వచ్చిన 250 మందిని మూడు గుంపులు చేసి చూశారు. కొందరికి రెండు వారాలకోసారి బాగా చల్లగా ఉండే లిక్విడ్ నైట్రోజన్ పెట్టి పులిపిరిని గడ్డకట్టించారు, కొందరు రోజూ 40 శాతం సాలిసిలిక్ యాసిడ్ రాసుకున్నారు, మిగిలినవాళ్లు ఏమీ చేయకుండా ఆగారు. 2010లో ఫలితాలు వచ్చాయి. చేతుల మీద వచ్చే మామూలు పులిపిర్లయితే 13 వారాలకు నైట్రోజన్‌తో 49 శాతం మందికి పూర్తిగా పోయాయి. యాసిడ్‌తో 15, ఊరికే ఉన్నవాళ్లలో 8 శాతం. అరికాలికి వచ్చేసరికి లెక్క మారిపోయింది: అదే వరసలో 30, 33, 23 శాతం. అంటే మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అరికాలి చర్మం మందం, మందు లోపలికి దిగదు.

కాబట్టి చేతికైతే, నొప్పి ఓర్చుకోగల పెద్దవాళ్లకు నేను నైట్రోజన్‌కే ఓటేస్తాను. అయితే పెట్టినప్పుడు మంట పుడుతుంది, బొబ్బ రావొచ్చు. మన చామనఛాయ చర్మం మీద తెల్ల మచ్చ పడి నెలల తరబడి ఉండే అవకాశం ఉంది. ఈ సంగతి ముందే చెప్పించుకోండి. ఇది అన్ని ఊళ్లలోనూ దొరకదు, ఒక్కసారితో అయ్యేది కూడా కాదు.

అలాగని ఈ ఒక్క లెక్క చూసి యాసిడ్‌ను తీసిపారేయకండి. 2012లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు దానికి ఓ మోస్తరు ఫలితం ఉందనే తేలింది. ఇంట్లోనే వాడుకోవచ్చు, ఖర్చు తక్కువ. కావాల్సింది ఓపిక. గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి, మెత్తబడ్డ పైపొరను నెయిల్ ఫైల్‌తో గీకి, చుట్టూ వాజలిన్ పూసి, పులిపిరి మీద మాత్రమే రాయాలి. ఇలా రోజూ, సుమారు మూడు నెలలు. ఆ ఫైల్‌ను ఇంట్లో ఇంకెవరూ వాడకూడదు. ముఖం మీద, మర్మాంగాల దగ్గర అసలు రాయొద్దు. షుగర్ వల్ల పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు.

పిల్లల విషయం వేరు. నెదర్లాండ్స్‌లోనే బడి పిల్లల్ని గమనిస్తే, సుమారు సగం మందికి ఏడాదిలో వాటంతటవే పోయాయి. బాధ లేకపోతే ఏడ్చే పిల్లాణ్ని పట్టుకుని నైట్రోజన్ పెట్టించనక్కర్లేదు. సున్నం, సోడా కలిపి రాయడం, జీడి పూయడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు. ఆరోగ్యంగా ఉన్న చర్మం కూడా కాలిపోతుంది.

రక్తం కారుతున్నా, రంగు మారుతున్నా, త్వరగా పెరుగుతున్నా, పెద్ద వయసులో కొత్తగా లేచినా ఈ మూడింట్లో ఏదీ మొదలుపెట్టకుండా ముందు చర్మ వైద్యుడికి చూపించండి.