రెడీమేడ్ ఫారమ్ కిట్ కొంటున్నారా? డెమోలో ఎంటర్ నొక్కి చూడండి

వెబ్‌సైట్ కోసం రెడీమేడ్ ఫారమ్ కిట్ (జనం వివరాలు నింపి పంపే ఫారమ్‌కు ముందే రాసిపెట్టిన కోడ్) ఒకటి కొని దెబ్బ తిన్నాను. పేరెందుకు గానీ, ఇలాంటివి కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

డెమో చక్కగా ఉంది. ఫారమ్ కింద వరసగా మూడు బటన్లు: ‘పంపు’, ‘డ్రాఫ్ట్ దాచు’, ‘రద్దు చేయి’. మౌస్‌తో నొక్కి చూశాను, మూడూ పనిచేశాయి. సైట్‌లో పెట్టిన మర్నాటి నుంచే ఫిర్యాదులు. ‘అంతా నింపాను, రద్దయిందని వస్తోంది’ అంటారు. నేను చూస్తే బాగానే ఉంటుంది! చివరికి ఒకాయన నింపుతుంటే పక్కనే కూర్చున్నాను. ఆఖరి గడిలో ఫోన్ నంబర్ కొట్టి, అలవాటు కొద్దీ ఎంటర్ నొక్కాడు. నింపిందంతా పోయింది.

టెక్స్ట్ గడిలో ఉండి ఎంటర్ కొడితే, ఫారమ్‌లోని మొదటి సబ్మిట్ బటన్ (ఫారమ్‌ను సర్వర్‌కు పంపే బటన్) నొక్కినట్టు లెక్క. మొదటిది అంటే తెరమీద వరసలో కాదు, కోడ్‌లో వరసలో. ఈ మహానుభావులు కోడ్‌లో ‘రద్దు’ను ముందు రాసి, సీఎస్ఎస్‌తో (పేజీ ఎలా కనిపించాలో చెప్పే కోడ్‌తో) తెరమీద చివరికి జరిపారు. పైగా దానికి టైప్, అంటే అది ఏ రకం బటనో, రాయలేదు. టైప్ లేని బటన్ ఫారమ్‌లో ఉంటే అది సబ్మిట్ బటనే. టైప్ దగ్గర ‘బటన్’ అని ఒక్క మాట రాస్తే పోయేది.

అమ్మినవాళ్లకు రాస్తే, ‘ఎంటర్ నొక్కొద్దని మీ యూజర్లకు చెప్పండి’ అన్నారు. గట్టిగా అడిగాక ఒక అప్‌డేట్ ఇచ్చారు. అది ఇంకా ఘోరం. రెండుసార్లు నొక్కకుండా ఉండాలని, క్లిక్ పడగానే బటన్‌ను డిసేబుల్ చేసి (మళ్లీ నొక్కడానికి లేకుండా ఆపి), ఫారమ్‌ను పంపడానికి జావాస్క్రిప్ట్ కోడ్‌లో సబ్మిట్ ఫంక్షన్ పిలిచారు. మామూలుగా నింపిన వివరాలతో పాటు, బటన్లలో ఏది నొక్కితే దాని నేమ్, వాల్యూ (కోడ్‌లో దానికిచ్చిన పేరు, విలువ) మాత్రమే సర్వర్‌కు వెళ్తాయి. ఈ దారిలో ఏ బటన్‌దీ వెళ్లదు, వాలిడేషన్ (గడులు సరిగ్గా నింపారా అని బ్రౌజర్ చూడడం) కూడా జరగదు. ఏ బటనో తెలియనప్పుడు వాళ్ల సర్వర్ కోడ్ ‘పంపు’ అనుకుంటుంది. దాంతో సగం నింపిన డ్రాఫ్టులన్నీ ఫైనల్‌గా వెళ్లిపోయాయి. ఆ రెండు రోజులు నా టెన్షన్ చెప్పలేను.

డిసేబుల్ చేసే లైన్ తీసేశాను. సబ్మిట్ బదులు, మామూలుగా బటన్ నొక్కినట్టే ఫారమ్‌ను పంపే రిక్వెస్ట్‌సబ్మిట్ ఫంక్షన్ పెట్టి, నొక్కిన బటన్‌ను దానికి అందించాను. బటన్ వాల్యూ రాకపోతే సర్వర్ తిప్పి పంపేలా మార్చాను.

మీరు కొనేముందు డెమోను మౌస్ ముట్టకుండా కీబోర్డ్‌తోనే నింపి చూడండి. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో, సర్వర్‌కు ఏం వెళ్తోందో చూపే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఒక్కో బటన్‌కూ ఏ వాల్యూ వెళ్తోందో గమనించండి. ఫైళ్లు డౌన్‌లోడ్ చేశాక రీఫండ్ ఉందో లేదో ముందే అడగండి. నాకు ఇవ్వలేదు.